కొట్టివేతలు లేని జాబితా

ఈ కథ చెప్పుకుంటున్నది ఒక జాబితా. అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ జీవితకాలంలో అచ్చయిన పరిశోధనల జాబితా. జాబితాలకు ‘నేను’ అనడం అలవాటు లేదు. తన సంగతైనా మూడో మనిషి సంగతిలాగే చెప్పుకుంటుంది.

దీంట్లో 600కు పైగా పత్రాలు, పాతిక దాకా పుస్తకాలు ఉన్నాయి. వైద్యుల జర్నళ్లూ సైకాలజిస్టుల జర్నళ్లూ ఒకే వరసలో కూర్చున్నాయి. ఎవరు చేతిలోకి తీసుకున్నా ముందు మొత్తం ఎన్నో చూస్తారు. 2005లో హెర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టాక, ఒక జీవితాన్ని ఒక్క అంకెలో చెప్పేయడం ఇంకా తేలికైంది. ఆ చూపు ఈ జాబితాను బాధిస్తుంది. పంక్తులు లెక్కపెట్టినవాళ్లకు 1959కీ 1963కీ మధ్య ఏం జరిగిందో తెలియదు. చదివినవాళ్లకే తెలుస్తుంది.

బెక్ 1921 జులై 18న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో పుట్టారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు, తండ్రిది అచ్చు పని. 1946లో యేల్‌లో వైద్య పట్టా తీసుకున్న బెక్ న్యూరాలజీ వైపు వెళ్లాలనుకున్నారు. ఫ్రామింగ్‌హామ్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగానికి మనుషులు చాలక ఆయన్ని కొన్నాళ్లు అటు పంపారు. అలా వెళ్లిన మనిషి అక్కడే ఉండిపోయారు.

అందుకే జాబితా తొలి పంక్తుల్లో సైనికులు కనిపిస్తారు. 1952లో, ఏళ్ల తరబడి ఒక భ్రాంతిలో బతుకుతున్న స్కిజోఫ్రీనియా రోగికి మాటల ద్వారా వైద్యం చేసిన వైనం అచ్చయింది. 1953లో వచ్చిన పత్రం, పొరపాటున తోటి సైనికుణ్ణే చంపి తీవ్రమైన కుంగుబాటులో పడిపోయినవాళ్ల గురించి. ఆ శీర్షిక దగ్గర జాబితా ఇప్పటికీ ఆగుతుంది. తర్వాత దాదాపు 70 ఏళ్లు ఆయన తిరిగిన దారి అంతా, మనిషి తనను తాను ఎలా నిందించుకుంటాడనే ప్రశ్న చుట్టూనే కదా.

అప్పటికి బెక్ ఫ్రాయిడ్ మార్గంలో శిక్షణ పొందుతున్నారు. కుంగుబాటు అంటే ఇతరుల మీది కోపం లోపలికి తిరగడమేనని, ఆ రోగికి బాధపడాలనే కోరిక లోలోపల ఉంటుందని ఆ మార్గం చెప్పేది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరాక దాన్ని కొలతలతో రుజువు చేద్దామని ఆయన రోగుల కలలు సేకరించారు. 1959లో హర్విచ్‌తో కలిసి ‘సైకోసొమాటిక్ మెడిసిన్’ జర్నల్లో రాశారు: కుంగిన రోగుల కలల్లో ఓటమి, తిరస్కారం, నష్టం ఎక్కువగా ఉన్నాయి. బాధపడాలనే కోరికకు ఇదే సాక్ష్యమని అప్పట్లో ఆయన నమ్మకం.

నమ్మకం అక్కడితో ఆగి ఉంటే జాబితా చాలా చిన్నదయ్యేది. బాధ కోరుకునేవాడు గెలుపుకు దూరంగా పోవాలి. కానీ పరీక్షగా ఇచ్చిన పనిలో బాగా చేశారని చెబితే, కుంగినవాళ్లు ముడుచుకుపోలేదు, తేరుకున్నారు. మరి కలల్లో అంత ఓటమి ఎందుకు? తమను తాము ఓడినవాళ్లుగా చూసుకుంటున్నారు గనుక. మెలకువలో ఉన్న ఆలోచనే కలలోనూ ఉంది. దాని వెనక ఇంకో రహస్య కోరిక వెతకనక్కర లేదు.

అదే రోజుల్లో ఒక రోగి తన వ్యక్తిగత విషయాలు చెబుతూ ఆందోళన పడుతుంటే బెక్ కారణం అడిగారు. ఆమె ఆ విషయాల గురించి బాధపడటం లేదు, తన మాటలతో డాక్టరుగారికి విసుగు పుట్టిస్తున్నానేమో అని భయపడుతోంది. మాట వెనక మరో మాట నడుస్తోంది, అడిగేదాకా ఎవరూ దాన్ని బయటికి చెప్పరు. ఆయన వాటికి ‘ఆటోమేటిక్ ఆలోచనలు’ అని పేరు పెట్టారు. 1963లో ‘ఆర్కైవ్స్ ఆఫ్ జనరల్ సైకియాట్రీ’లో 50 మంది కుంగిన రోగుల ఆలోచనా తీరు మీద పత్రం వచ్చింది. ఒక్క తప్పు జరిగితే అంతా పోయిందనుకోవడం, ఆధారం లేకుండా నిర్ణయానికి రావడం లాంటి పొరపాట్లు అందులో పేరు పేరునా ఉన్నాయి.

1963 వచ్చిందని 1959 పంక్తిని ఎవరూ తీసేయలేదు. రెండూ ఈ జాబితాలోనే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. జాబితాకు నిజంగా గర్వంగా ఉండేది ఆ చోటే.

ఈ రెంటి నడుమ, 1961లో, ప్రపంచమంతా తిరిగిన పంక్తి ఉంది. వార్డ్, మెండెల్సన్, మాక్, ఎర్బాలతో కలిసి తయారు చేసిన 21 అంశాల ప్రశ్నావళి. ఒక్కో అంశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 63. ఫిలడెల్ఫియాలో 409 మంది రోగుల మీద పరీక్షించారు. అంతకు ఏడాది ముందు బ్రిటన్‌లో మాక్స్ హామిల్టన్ ఇచ్చిన కొలబద్దలో రోగిని చూసి మార్కులు వేసేది డాక్టరు. బెక్ ప్రశ్నావళిలో రోగి తనకు సరిపోయే వాక్యాన్ని తానే ఎంచుకుంటాడు. 1996లో దాన్ని తిరగరాసినప్పుడు బరువు తగ్గడం లాంటి నాలుగు అంశాలు పోయాయి. ఎందుకూ పనికిరాననిపించడం, మనసు నిలవకపోవడం లాంటివి నాలుగు చేరాయి. 21 మాత్రం మారలేదు.

తర్వాతి పెద్ద మలుపు 1977. రష్, కోవాక్స్, హోలన్‌లతో కలిసి 41 మంది రోగుల్లో కొందరికి ఇమిప్రమిన్ మందు, మిగతావాళ్లకు కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆ ఆలోచనా పొరపాట్లను గుర్తించి సరిదిద్దే మాటల వైద్యం, ఇచ్చారు. 12 వారాల తర్వాత థెరపీ పొందినవాళ్లలో 79 శాతం మంది బాగా మెరుగుపడ్డారు, మందు వాడినవాళ్లలో 23 శాతం. మాటల వైద్యం మందుతో పోటీకి నిలబడడం ఆనాటికి పెద్ద వార్త. అయితే అది చిన్న అధ్యయనం. 2005లో మరో బృందం 240 మందితో చేసిన పరీక్షలో, 16 వారాలకు రెండు పక్షాలూ 58 శాతం దగ్గర సమానంగా నిలిచాయి. ఈ జాబితాకు ఆ రెండో లెక్కే ఎక్కువ నమ్మకం.

జాబితాలో బరువైన భాగం ఆత్మహత్యల గురించినది. కుంగుబాటు ఎంత ఉందన్నదాని కన్నా, రేపటి మీద ఆశ ఎంత పోయిందన్నదే ప్రమాదాన్ని ఎక్కువగా చెబుతుందేమోనని బెక్‌కు అనుమానం. 1974లో ఆ నిరాశను కొలవడానికి 20 వాక్యాల కొలబద్ద తెచ్చారు. ఆపైన ఓపిక పట్టారు. ఆత్మహత్య ఆలోచనలతో ఆస్పత్రిలో చేరిన 207 మందిని ఐదు నుంచి పదేళ్ల పాటు గమనించి 1985లో ఫలితం రాశారు. వారిలో 14 మంది ప్రాణాలు తీసుకున్నారు. చేరిన రోజున సేకరించిన సమాచారమంతటిలో ముందుగా హెచ్చరించినవి రెండే: ఆ నిరాశ కొలబద్ద, 1961 ప్రశ్నావళిలో భవిష్యత్తు గురించి అడిగే అంశం. అలా ప్రాణాలు తీసుకున్నవారిలో ఆ కొలబద్ద మీద 10, అంతకు పైన మార్కులు వచ్చినవారు 91 శాతం. అయితే 10 దాటినవాళ్లలో చాలామంది బతికే ఉన్నారు. ఆ అంకె ఎవరి తలరాతా కాదు, ఇంకాస్త దగ్గరగా చూడమని చెప్పే గుర్తు మాత్రమే.

చూశాక చేయాల్సింది ఏమిటన్నదానికి జవాబు 2005లో వైద్యుల జర్నల్ ‘జామా’లో వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆస్పత్రికి వచ్చిన 120 మందిలో, పది విడతల కాగ్నిటివ్ థెరపీ అందుకున్నవాళ్లు మళ్లీ ప్రయత్నించే అవకాశం సగానికి తగ్గింది. ఆ పత్రంలో మొదటి పేరు గ్రెగరీ బ్రౌన్‌ది, బెక్‌ది చివర. వయసు పెరిగేకొద్దీ జాబితాలో ఆయన పేరు వెనక్కి జరగడం కనిపిస్తుంది. ముందు వరసలోకి శిష్యులు వచ్చారు.

2006లో బెక్‌కు క్లినికల్ వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ బహుమతి వచ్చింది. మందు గానీ శస్త్రచికిత్స గానీ లేని వైద్యానికి ఆ గౌరవం దక్కడం, వైద్యానికీ సైకాలజీకీ నడుమ గోడ పల్చబడిందనడానికి ఒక గుర్తు.

2012లో, 90 ఏళ్ల వయసులో, ఆయన పేరు స్కిజోఫ్రీనియా పత్రం మీద కనిపించింది. పాల్ గ్రాంట్ నడిపిన ఆ అధ్యయనంలో 60 మంది రోగులున్నారు. ఏళ్లుగా జబ్బుతో ఉండి, ఇక బాగుపడరని చాలామంది ఆశ వదులుకున్న మనుషులు వాళ్లు. వారిలో 18 నెలల థెరపీ అందుకున్నవాళ్లు రోజువారీ పనుల్లో, చొరవలో మెరుగుపడ్డారు. అలాంటి రోగుల కోసమే రాసిన పుస్తకం 2021లో వచ్చింది. అదే ఏడాది నవంబరు 1న, నూరేళ్లు దాటాక, బెక్ ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.

ఈ జాబితాలో లేని ఒక పత్రం గురించి కూడా చెప్పాలి. రచయితల్లో బెక్ పేరు లేదు గనుక దానికి ఇక్కడ చోటు లేదు. 2017లో విక్రమ్ పటేల్ బృందం ‘లాన్సెట్’లో రాసింది. గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటు ఉన్న దాదాపు 500 మందిని చేర్చుకున్నారు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు మాటల సాయం కూడా అందించారు. ఆ సాయం చేసినవాళ్లు డాక్టర్లు కారు, సైకాలజిస్టులూ కారు. శిక్షణ తీసుకున్న స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది విడతలు కూర్చుని, వదిలేసిన పనులు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టేలా తోడున్నారు. మూడు నెలల తర్వాత కుంగుబాటు ఎంత తగ్గిందో కొలవడానికి వాడినది 1996 నాటి ఆ 21 అంశాల కాగితమే. సాయం అందినవాళ్ల మార్కులు సగటున ఏడుకు పైగా తక్కువ వచ్చాయి. తొమ్మిది ప్రశ్నల మరో ప్రశ్నావళి ప్రకారం వాళ్లలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లలో 39 శాతం.