ఒకే గుర్రం, మూడు ఖరీదులు

మొదటి ప్రపంచ యుద్ధం గెలిపించింది మనమేనట. ఈమధ్య సెప్టెంబర్ 23 వచ్చిందంటే చాలు, ఈటెలు పట్టిన గుర్రపు రౌతుల బొమ్మలు ఫోన్లలో కవాతు చేస్తున్నాయి. హైఫా విజయం, హైదరాబాదు లాన్సర్లు, ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ ముగ్గురిలో ఒకడు మనవాడు, కాబట్టి మీసం మెలెయ్యాలి. ఇంకో గుంపు నిజాంగారి దానాలను ఏకరువు పెడుతుంది: లక్షలిచ్చాడు, విమానాలు కొనిచ్చాడు, ఇంగ్లీషు చక్రవర్తే చేతులు జోడించాడు! నేను ఆలంపూర్ వాణ్ని. మీసం మెలెయ్యడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే ఆ గుర్రాల దాణా ఖర్చు మా నడిగడ్డ మీదుగానే పోయింది గనుక, మెలేసే ముందు ఖాతా పుస్తకం ఒకసారి తిరగేయాలనిపిస్తుంది.

ముందు ఆ సెప్టెంబర్ 23 సంగతి తేల్చేద్దాం. 1918లో హైఫా మీదికి ఈటెలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు రౌతులు. హైదరాబాదు దళం అదే బ్రిగేడులో ఉంది గాని, ఆ రోజు దానికి అప్పజెప్పిన పని పట్టుబడ్డ ఖైదీల కాపలా. కాపలా తక్కువ పనని నేననను. ఆ రౌతుల మీద నాకు కోపమూ లేదు. జీతానికి పోయారు, పరాయి ఎండలో నిలబడ్డారు, కొందరు తిరిగి రాలేదు. నా పేచీ అంతా వాళ్లను పంపిన ఆ దోస్తీతోనే.

ఆ దోస్తీ పుట్టింది కూడా ఇలాంటి లోకమంతటి కొట్లాటలోనే. 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఇక్కడ ఈస్టిండియా కుంపిణీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి నిద్ర పట్టలేదు. హైదరాబాదులో ఫ్రెంచివాళ్లు తర్ఫీదిచ్చిన పటాలాలు ఉండడం ఆయన కంట్లో కారం. నిజాం అలీఖాన్ సరేనన్నాడు. ఫ్రెంచి పటాలాల చేతుల్లోంచి తుపాకులు లాక్కున్నారు, వాటి జాగాలో కుంపిణీ పటాలాలు వచ్చి కూర్చున్నాయి. హుకుం వాళ్లది, జీతం మనది. ఆ జీతం కిందనే 1800లో, మైసూరు మీద రెండు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలంతా నిజాం తిరిగి కుంపిణీకే రాసిచ్చాడు. దానితో తుంగభద్ర సరిహద్దయింది. మా రేవులో పుట్టి ఎక్కినవాడు అవతల దిగేసరికి ఇంకొకరి రాజ్యం, ఇంకో నాణెం, మధ్యలో కరోడ్‌గిరి వాళ్ల సోదా. అవతలి ఒడ్డు కర్నూలు నవాబుది. ఆయనకూ కుంపిణీతో ఒప్పందముండేది. 1839లో కోటలో ఆయుధాలు దాచాడని చెప్పి ఆయన్నూ మింగేశారు. అంటే దోస్తీ ఎలా ముగుస్తుందో నదికి ఇవతల నిలబడి చూసే భాగ్యం మాకు ముందే దక్కింది.

1800 ఒప్పందంలో ఒక షరతు ఉంది. యుద్ధం వస్తే నిజాం తన వంతుగా 6,000 కాల్బలాన్ని, 9,000 గుర్రాలను పంపాలి. యుద్ధం వస్తేనే సుమా! హైదరాబాదులో కుంపిణీ తరఫున కూర్చున్న రెసిడెన్సీ దొరలు ఆ మాట మరిచిపోయి, యుద్ధం లేని రోజుల్లో కూడా ఒక సైన్యాన్ని పెంచి పోషింపజేశారు. దానికి హైదరాబాద్ కాంటింజెంట్ అని పేరు. అధికారులు ఇంగ్లీషువాళ్లు, ఆజ్ఞ రెసిడెంటుది, ఖర్చు నిజాం ఖజానాది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. ఇక్కడ గుర్రం మనది కాకపోయినా దాణా తప్పలేదు. మంత్రి చందూలాల్ పామర్ కంపెనీ దగ్గర వడ్డీకి తెచ్చి మరీ మేపాడు. అప్పిచ్చినవాడూ తెల్లవాళ్ల మనిషే, ఆ అప్పుతో జీతం తిన్నవాడూ తెల్లదొరే. మధ్యలో రైతు దగ్గర శిస్తు వసూలు చేసే పని మాత్రం నమ్మకంగా దేశీయులకే వదిలిపెట్టారు.

1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ బాకీ వసూలుకు దిగాడు. బేరారు పత్తి నేలలు, ధారాశివ్, రాయచూరు దోఆబు తాకట్టు రాయించుకున్నాడు. దోఆబు అంటే కృష్ణా తుంగభద్రల నడిమి నేల, దాని తూర్పు కొస మేమే. చాళుక్యులు నవబ్రహ్మల గుళ్లు కట్టిన గడ్డ, జోగులాంబ కొలువున్న గడ్డ, ఎవరో తోలుకుపోయే గుర్రాల మేత కింద కుదువకు పోయింది. అమ్మవారి సంతకం మాత్రం అడగలేదు, ఆ మర్యాద దక్కింది. నాలుగేళ్లకు 1857 వచ్చింది. ఆ కాంటింజెంటే ఉత్తరాదికి పోయి తిరుగుబాటుదార్లను వేటాడింది. మెచ్చుకోలు కింద 1860లో దోఆబును, ధారాశివ్‌ను వెనక్కి ఇచ్చారు, మిగిలిన బాకీ కొట్టేశారు. బేరారును మాత్రం అట్టే పెట్టుకున్నారు. పత్తి పండేది అక్కడ మరి! మా జొన్నలు మాంచెస్టరు మిల్లుల్లో ఆడవు.

1902లో వైస్రాయి కర్జన్ స్వయంగా హైదరాబాదు వచ్చి మహబూబ్ అలీఖాన్‌ను కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. మా పాలమూరు మహబూబ్‌నగర్ అయింది ఈయన పేరుమీదే. బయటికి వచ్చేసరికి బేరారు శాశ్వత కౌలుకు పోయింది, ఏడాదికి 25 లక్షలకు. మరుసటేడు కాంటింజెంటును విడగొట్టి ఇండియా సైన్యంలో కలిపేశారు. గుర్రపు దళాల్లో ఒకటి 20వ డెక్కన్ హార్స్ అయింది. కాల్బలానికి 94 నుంచి 99 దాకా నంబర్లు కుట్టారు. ఏ సైన్యాన్ని మేపడానికి బేరారు పోయిందో ఆ సైన్యమూ పోయింది, బేరారూ రాలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, 1914లో పనికొస్తుంది.

1914 ఆగస్టులో యూరపు తగలబడింది. మా ఊళ్లో పటేలు డప్పు కొట్టించి ఈ సంగతి చాటించాడనుకుందాం, రచ్చకట్ట దగ్గర మాట ఇట్లా నడిచి ఉండాలి.

“ఎవరితోని కొట్లాట పటేలా?”

“జర్మనోనితోని.”

“ఆడు మనకేం జేసిండు?”

“మనకేం జెయ్యలే. బోస్నియాలో ఎవడో సెర్బు పోరడు ఆస్ట్రియా యువరాజును కాల్చిండు. ఆస్ట్రియోనికి జర్మనోడు తోడు. సెర్బియోనికి రష్యోడు తోడు. రష్యోనికి ఫ్రెంచోడు తోడు. ఫ్రెంచోని మీదికి పోయేతందుకు జర్మనోడు నడుమ బెల్జియమోని చేను తొక్కిండు. అందుకని ఇంగ్లీషోనికి కోపమొచ్చింది.”

“ఇంగ్లీషోడు మనకేమైతడు?”

“మన సర్కారుకు దోస్తు.”

“మరి మన బేరారు ఎవరి తాన ఉన్నది పటేలా?”

“దోస్తు తాననే.”

“జర్మనోని తాన మనదేమన్న ఉన్నదా?”

“ఏం లేదు.”

“అయితే మంచోడే గదా!”

ఇలాంటి తర్కం మాట్లాడే రైతుకు రాజనీతి తెలియదు. రాజనీతి తెలిసినవాడు మీర్ ఉస్మాన్ అలీఖాన్. గద్దెనెక్కి మూడేళ్లు. ఆ ఏడాదే దివాన్ మూడో సాలార్‌జంగ్‌ను పక్కకు తప్పించి పాలనంతా తన చేతికి తీసుకున్నాడు. రెసిడెన్సీ కిమ్మనలేదు. యుద్ధకాలంలో ఇచ్చే చెయ్యి ఎవరిదైతేనేం, ఇస్తే చాలు.

నవంబరులో తురుష్కులు జర్మనీ పక్కన చేరారు. ఇస్తాంబులులో ఖలీఫా పేరుమీద జిహాదు ప్రకటించారు. ఇంగ్లీషువాళ్ల గుండెలు జారాయి, సైన్యంలో ముస్లిం సిపాయిలు లెక్కకు మించి ఉన్నారు మరి. అప్పుడు దేశంలోని ముస్లిం పాలకుల్లో అందరికన్నా పెద్దవాడు నోరు విప్పాడు: ముస్లింలంతా ఇంగ్లీషు సర్కారుకు విధేయులుగా ఉండాలని నిజాం ప్రకటన. ఒక్క కాగితం ఎన్ని పటాలాల పని చేసిందో ఢిల్లీకి బాగా తెలుసు. అంతటితో ఊరుకోకుండా హైదరాబాదు లాన్సర్లను కూడా సూయెజ్ కాలువకు తరలించారు. 1915 ఫిబ్రవరిలో ఖలీఫా సైన్యం ఎడారి దాటి కాలువ మీదికి వచ్చినప్పుడు కాపు కాసిన సేనల్లో మన రౌతులూ ఉన్నారు. ఎడారికి ఒక పక్క ఖలీఫా పేరు చెప్పుకునేవాళ్లు, ఇటుపక్క ఖలీఫా కోసం శుక్రవారం దువా చేసేవాళ్లు. దీన్ని మించిన దోస్తీ ఏముంటుంది!

ఈలోగా తూర్పు ఆఫ్రికాలో టాంగా రేవు యుద్ధం. ఇంగ్లీషువాళ్లు నవంబరు మొదటి వారంలో ఎనిమిది వేలమందిని ఓడల్లోంచి దింపారు. అటువైపు లెటో-ఫోర్బెక్ అనే జర్మన్ అధికారి దగ్గర సుమారు వెయ్యిమంది. దిగినవాళ్లలో 98వ పటాలం ఒకటి, అంటే నంబరు మార్చిన మన పాత కాంటింజెంటే. తుపాకులు పేలేసరికి చెట్ల మీది తేనెపట్టులు కదిలాయి, ఈగలు ముసిరాయి, 98వ పటాలం చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. దొరలు రేవులో మెషిన్‌గన్నులు, తుపాకులు, లక్షల తూటాలు వదిలేసి ఓడెక్కారు. జర్మన్లు తేనెపట్టులకు తాళ్లు కట్టి లాగారని తర్వాత కథలు కూడా పుట్టాయి. ఆ ఈగలకు ఏ చక్రవర్తితోనూ ఒప్పందం లేదు, వాటి గూడు కదిపినవాణ్ని అవి కుట్టాయి. యుద్ధం మొదటి ఆరు నెలల్లో నాకు పూర్తిగా అర్థమైన సైనిక విధానం అదొక్కటే.

ఫ్రాన్సు సంగతి ఇంకొంచెం గంభీరం. డెక్కన్ హార్స్ సికింద్రాబాదు బ్రిగేడుతో పాటు 1914 శరత్కాలంలోనే అక్కడికి చేరింది. రౌతులను గుర్రాల మీంచి దింపి బురద కందకాల్లో నిలబెట్టారు. శత్రువు వరుస తెగితే దూసుకుపోదామని గుర్రాలు వెనకాల మేస్తూ ఉన్నాయి. వరుస తెగదు, మేత ఆగదు. 1916 జులై 14న హైవుడ్ అనే అడవి దగ్గర పంటచేలల్లోంచి ఈటెలతో దూకే అవకాశం వచ్చింది. కాసేపు దూకారు. ఆ అడవి మాత్రం పూర్తిగా చేతికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మెషిన్‌గన్ ముందుకు ఈటె పట్టుకుని పొమ్మన్నవాడి బుద్ధి గురించి చరిత్రకారులు చాలా రాశారు. అక్కడికి పోయేందుకు డబ్బులిచ్చినవాడి బుద్ధి గురించి మాత్రం మనం పాటలు కడుతున్నాం.

ఎందుకంటే ఆ ఖర్చు మనదే. లాన్సర్ల కోసం, డెక్కన్ హార్స్ కోసం నిజాం 60 లక్షల రూపాయలు ఇచ్చాడు. డెక్కన్ హార్స్ కోసం! ఈ గుర్రాన్ని ఎక్కడో చూసినట్టుందా? మొదట ఏళ్ల తరబడి ఖజానాలోంచి జీతమిచ్చి మేపాం. ఆ జీతం బాకీ పడ్డామని బేరారు ఇచ్చాం, మధ్యలో ఏడేళ్లు ఆలంపూర్ కూడా ఇచ్చాం. తర్వాత గుర్రాన్నే తోలుకుపోయారు. ఇప్పుడు అదే గుర్రం పరాయి లాయంలో ఉంటే, దానికి మూడోసారి ఖరీదు కట్టాం. బదులుగా నిజాంకు ఆ దళం గౌరవ కల్నల్ హోదా ఉంది. తన గుర్రాన్ని తానే తడుముకోవడానికి అంతమాత్రం హోదా కావాలి కదా.

ఆలంపూర్ తాలూకా రైతుకు ఆ 60 లక్షల్లో ఎంత వాటా పడిందో ఏ పట్వారీ రాసిపెట్టలేదు. మా వాటా ఖర్చులో ఎప్పుడూ రాయరు. నీళ్లలో అయితే రాస్తారు, కాగితం మీద. రాజోలిబండ కాలువ కొసన ఉన్నవాణ్ని అడగండి, చెప్తాడు.

గుర్రాలతో తనివి తీరలేదు, విమానాలు కూడా కొనిచ్చారు. ఇంగ్లీషు వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని రాయించారు. 1918 చివర్లో జర్మనీ పట్నాల మీద పట్టపగలు బాంబులు వేయబోయి వాటిలో చాలా కూలాయి. ఎఫ్ 1010 నంబరుది జర్మన్లకు చిక్కింది. వాళ్లు దాన్ని మ్యూజియంలో పెట్టుకున్నారు. చేతులు మారి మారి చివరికి లండన్ చేరింది, అక్కడి వైమానిక మ్యూజియంలో హైదరాబాద్ పేరు మోస్తూ ఈరోజుకీ ఉంది. అత్తసొమ్ము అల్లుడి దానమంటే ఇదే. మా జొన్నచేను ఎగరడం నేర్చింది, లండన్‌లోనే ఉండిపోయింది.

1918లో చక్రవర్తి రుణం తీర్చుకున్నాడు. నిజాంకు ‘యార్-ఎ-వఫాదార్’ బిరుదు, అంటే బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు. మిగతా రాజులు ఉత్త హైనెస్‌లు, మనవాడు ఎగ్జాల్టెడ్ హైనెస్. అచ్చువాడికి ఒక్క మాట సిరా ఎక్కువ.

మనవాడు ఆ బిరుదును నిజమనుకున్నాడు! ఈ కథలో నాకు జాలి వేసేది ఇక్కడే. 1923లో వైస్రాయికి లేఖ రాశాడు: ఇద్దరం మిత్రులం కదా, బేరారు సంగతి సమానంగా కూర్చుని మాట్లాడుకుందాం. చివరికి 1926 మార్చి 27న వైస్రాయి లార్డ్ రీడింగ్ తేల్చి జవాబిచ్చాడు. ఏ సంస్థానాధీశుడూ బ్రిటిష్ ప్రభుత్వంతో సమాన హోదాలో బేరమాడజాలడన్నాడు. తమ అధికారానికి ఒప్పందాలే ఆధారం కావన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ నమ్మకమైన మిత్రుడన్న బిరుదు కూడా మిమ్మల్ని మిగతా సంస్థానాల కన్నా వేరే వరుసలో కూర్చోబెట్టదని విడిగా గుర్తుచేశాడు. ఇన్ని గుర్రాలు, ఇన్ని విమానాలు, ఇన్ని లక్షలు పోసి సంపాదించిన కాగితాన్ని ఇంకో కాగితంతో తుడిచేశాడు.

పదేళ్లకు 1936లో ఇంకో ఒప్పందం. బేరారు నిజాందేనని ఒప్పుకున్నారు, పాలన మాత్రం తమదేనన్నారు. పెద్దకొడుకు ఆజమ్ జాకు ‘బేరారు యువరాజు’ అని బిరుదిచ్చారు. ఆయన భార్య దుర్రుషెవార్, ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు. గద్దె పోయి దేశం విడిచిన ఆ ఖలీఫాకు 1924 నుంచి నెలనెలా పింఛను పంపింది కూడా మన నిజామే. 1914లో ఏ ఇంటి జిహాదు మాట వినొద్దని ప్రకటన ఇచ్చాడో, ఏ ఇంటి సైన్యం మీదికి లాన్సర్లను తోలాడో, ఆ ఇంటి ఆడపిల్ల వచ్చి, చేతికి రాని నేలకు యువరాణి అయింది. కౌలు మాత్రం పెంచలేదు. ఏడాదికి అదే 25 లక్షలు.