మూతలేని మహానుభావుడు

మా లీడ్ శుభ్రత సంగతి మైండ్‌స్పేస్‌లో మా ఫ్లోరంతా ఎరుగుదురు. రాయదుర్గం మెట్రోలో పడిపోయినా సరే, కడ్డీ పట్టుకోడు. కోడ్‌లో ఒక్క స్పేస్ ఎక్కువైతే "ఈ చెత్త ఎవరిదయ్యా?" అని తిప్పికొడతాడు. ఎవరైనా మూతి పెట్టిన సీసా ముట్టడు. ఎంగిలట!

ఈయనకు ఉబ్బసం. కోకాపేటలో లేచే ప్రతి టవరు దుమ్మూ తన ఊపిరితిత్తుల్లోకే దిగుతోందని ఫిర్యాదు. ఇన్‌హేలర్ మాత్రం బ్యాగు పక్కజేబులో చిల్లరా సోంపూ మధ్య బోడిగా పడి ఉంటుంది. మూత ఎప్పుడు పోయిందో ఆయనకే తెలీదు. మొన్న రిలీజ్ రోజు ఆయాసమొచ్చి నోట్లో పెట్టుకోబోతుంటే లాక్కుని తలకిందులుగా దులిపాను. నాలుగు సోంపు గింజలు, కాస్త బిస్కెట్ పొడి రాలాయి. ఇలాగే నాణెం, చెవిపోగు లోపలికి పీల్చుకుని ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు సార్ అన్నాను.

"సోంపు అరుగుదలకు మంచిదేగా!"

మర్నాడు ఇన్‌హేలర్ మీద భక్తి ముదిరింది. ప్యాంట్రీలో మందు డబ్బాను గ్లాసు నీళ్లలో వేసి, తేలితే ఖాళీ, మునిగితే నిండు అంటూ పరీక్షిస్తున్నాడు. అదో పాత లెక్క, పైగా తప్పు. లోహపు డబ్బాకు తడి తగలకూడదు. దాన్ని పైకి లాగి పక్కన పెట్టి, ప్లాస్టిక్ గొట్టాన్ని వారానికోసారి గోరువెచ్చని నీటి ధార కింద రెండు వైపులా కడిగి, విదిలించి, రాత్రంతా గాలికి ఆరనివ్వాలి. లేకపోతే సన్నటి రంధ్రం దగ్గర మందు పేరుకుని, నొక్కినా సరిగ్గా రాదు. బిగించాక ఒకటి రెండుసార్లు గాల్లోకి కొట్టి చూడాలి.

"అదెందుకు?"

"టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌కి పంపుతామా సార్?"

ఆ మాట మాత్రం వెంటనే ఎక్కింది.

మనిషి బంగారం. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే ల్యాప్‌టాప్ లాక్కుని ఇంటికి తరుముతాడు, ఆ పని తనే చేస్తాడు. కానీ జూన్‌లో మృగశిర కార్తె రాగానే, ఉబ్బసం పోతుందన్న నమ్మకంతో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి పోయి, అంత జనంలో నిలబడి, పసుపుపచ్చ ముద్ద పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగొస్తాడు. ఎంగిలి పనికిరాని నోరే అది!

ఇలాంటివాడు ప్రతి టీమ్‌లోనూ ఒకడుంటాడు. శుక్రవారం బ్యాగు సర్దేటప్పుడు గుర్తుచేయండి: గొట్టానికి నీళ్లు, డబ్బాకు వద్దు, మూత తప్పనిసరి. పొడి మందు పీల్చే రకమైతే దాంతో వచ్చిన కాగితం చదివాకే కడగమనండి. ఎలాగూ చదవడు, మీరే చదివి పెట్టండి.