పదహారు గంటలాయన

కాకినాడలో తెల్లారకుండానే వాకింగ్‌కి బయల్దేరే ఏ గుంపులో చూసినా ఆయన ఒకరుంటారు. పేరుతో పని లేదు. బ్యాంకులో చేసి రిటైరైనవారు కావచ్చు, ఎరువుల ఫ్యాక్టరీలో ఇంకో రెండేళ్ళ సర్వీసు ఉన్నవారూ కావచ్చు. వయసు యాభై దాటింది, బరువు తొంభైకి అటూ ఇటూ. గుర్తుపట్టడం తేలిక. "బాగున్నారా?" అని పలకరిస్తే "బాగున్నానండి" అనరు. వాచీ చూసుకుని "తొమ్మిది గంటలా నలభై నిమిషాలండి, ఆయ్" అంటారు. నిన్న రాత్రి చివరి ముద్ద మింగినప్పటి నుంచి లెక్క అన్నమాట.

ఆయన పద్ధతి పదహారు-ఎనిమిది. పదహారు గంటలు ఏమీ తినరు. మిగిలిన ఎనిమిది గంటలూ, అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా, తింటారు. ఆ ఎనిమిది గంటలకు 'విండో' అని పేరు. విండో తెరుచుకునే వేళకు ఫోను మోగుతుంది, ఇంట్లో కుక్కరు మూత లేస్తుంది. పొద్దున పూట మాత్రం పాలూ పంచదారా లేని కాఫీ. ఆయన అది తాగుతున్నప్పుడు ముఖం చూసిన బంధువులు ఇద్దరు ముగ్గురు కాఫీయే మానేశారని చెప్పుకుంటారు.

ఊరికే ఉపవాసం ఉంటే ఆయన కథ చెప్పుకోనక్కర్లేదు. ఆయన ఉపన్యాసం కూడా ఇస్తారు. "ఆటోఫజీ అండి! ఒంట్లో చెత్తని ఒళ్ళే తినేస్తుంది. జపానాయనకి నోబెల్ కూడా ఇచ్చారు." నిజమే, 2016లో యోషినోరి ఓసుమికి వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కణం తనలోని పాతసామాను తానే అరగదీసుకునే తీరును ఆయన ఈస్టు కణాల్లో పట్టుకున్నారు. అయితే ఆ ఈస్టు పాపం పన్నెండింటికి పెసరట్టు ఉప్మా తినదు.

ఈయన తింటారు. "ఉపవాసం విరమించాలి కదండీ" అంటూ అల్లం పచ్చడితో మొదలవుతుంది. ఒంటిగంటన్నరకు భోజనం: ముద్దపప్పు, ఆవకాయ, వాటిని కలపడానికి నెయ్యి. నాలుగింటికి మిరపకాయ బజ్జీలు. ఆరింటికి ఎవరో ఇచ్చివెళ్ళిన కాజాలు, అదీ పారేయలేక. ఏడున్నరకు అసలు హడావుడి మొదలవుతుంది. ఎనిమిదికి విండో మూతపడుతుంది కనుక రేపు మధ్యాహ్నం దాకా సరిపడా లోపలికి పంపాలి. రైలు కదులుతుండగా సామాను ఎక్కించే మనిషిలా ఆయన పెరుగన్నం ముద్దలు ఎక్కిస్తుంటే భార్య పక్కనే మంచినీళ్ళ గ్లాసుతో నిలబడుతుంది. ఏడు యాభై తొమ్మిదికి చెయ్యి కడిగేస్తారు. ఫోనులో గుండ్రం పచ్చగా మారి అభినందనలు చెబుతుంది. ఏం తిన్నారని అడగదు. పదహారు గంటల సంగతి ఫోను చూసుకుంటే, మిగతా ఎనిమిది గంటల సంగతి గోదావరి సీమ చూసుకుంటుంది.

సరిగ్గా ఈ పన్నెండు-ఎనిమిది వేళల్నే కాలిఫోర్నియాలో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. 116 మంది, పన్నెండు వారాలు. సగం మందికి ఈ విండో ఇచ్చారు, మిగతా సగాన్ని రోజూ మూడు పూటలా తినమన్నారు. ఎంత తినాలో ఎవరికీ చెప్పలేదు. విండో వాళ్ళు సగటున 0.94 కిలో తగ్గారు. మూడు పూటలా తిన్నవాళ్ళు 0.68 తగ్గారు. ఆ తేడా లెక్కలోకి రాదని తేలింది. పైగా తగ్గిన దాంట్లో కొవ్వు కాక కండ ఎక్కువ ఉందేమోనన్న అనుమానం కూడా మిగిలింది. ఆ అధ్యయనంలో ముఖ్యుడైన గుండె డాక్టరు ఈథన్ వైస్ అంతకుముందు కొన్నేళ్ళు తానూ ఇలాగే తిన్నాడు, ఫలితం చూశాక మానేశాడు. ఈ కబురు మన పెద్దాయన వాట్సాప్‌కి ఇంకా చేరలేదు. చేరినా ఫార్వర్డ్ కాదు.

ఫార్వర్డ్ అయ్యేది వేరే ఉంది. షికాగోలో క్రిస్టా వరాడీ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం. స్థూలకాయులు 64 మంది, పన్నెండు వారాలు. ఉపవాసం మాత్రమే చేసినవాళ్ళు 3 కిలోలు, వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళు ఒక కిలో, రెండూ చేసినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. పార్కు బెంచీ మీద ఆయన ఈ అంకెలు చదివి వినిపిస్తే, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "మూడూ ఒకటీ నాలుగు కదండీ, ఆరెలా అయింది?" అన్నారు. "అదేనండి సైన్సు" అని ఈయన లేచి నడక అందుకున్నారు.

మాస్టారి ప్రశ్న సంగతెలా ఉన్నా, ఫార్వర్డ్‌లో లేని విషయం ఒకటుంది. షికాగో వాళ్ళది రోజు విడిచి రోజు ఉపవాసం. ఉపవాసం రోజున మామూలుగా తినేదాంట్లో పావు వంతే పెట్టారు. వ్యాయామం వారానికి మూడు రోజులు, పక్కన మనిషి నిలబడి చేయించాడు. కాజాలు ఎవరూ ఇచ్చివెళ్ళలేదు.

ఇక ఈయన నడక. రోజుకు పదివేల అడుగులు, ఒక్కటి తగ్గదు. ఆ పదివేల అంకె ఏ ఆసుపత్రిలోనూ పుట్టలేదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. రాత్రి అడుగులు తక్కువ పడితే ఈయన సోఫాలో కూర్చుని వాచీ ఉన్న చెయ్యి ఊపుతారు. మనవడు దాన్ని డాన్సు అనుకుని తనూ ఊపుతాడు. తొంభై కిలోల మనిషి గంటసేపు గట్టిగా నడిస్తే మూడు, నాలుగు వందల కేలరీలు ఖర్చవుతాయి. ముద్దపప్పు మీద పోసిన నెయ్యే రెండు పెద్ద చెంచాలుంటే అందులో రెండొందల పైన తిరిగొచ్చేస్తాయి. కానీ "నడిచాను కదండీ" అనే మాటకు ఆయన దగ్గర ఉన్న విలువ ఏ బ్యాంకు చెక్కుకీ లేదు.

కండ నిలవాలంటే బరువులెత్తాలని ఎవరో చెబితే డంబెల్స్ కూడా కొన్నారు. మంచివే. డాబా మీద వడియాలు పెట్టిన చీర గాలికి లేవకుండా చెరో కొసనా ఉంటున్నాయి.

తల్లిగారికి ఎనభై దగ్గరపడ్డాయి. కార్తీక సోమవారం ఆవిడ చుక్క కనపడే దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. "అమ్మా, నువ్వు చేసేదీ ఇంటర్మిటెంట్ ఫాస్టింగే" అని ఆయన మురిసిపోతే, ఆవిడ "అలాగా నాయనా, మరి నువ్వు స్నానమన్నా చెయ్యకుండా చేస్తున్నావేం?" అన్నారు. ఆవిడా ఏమీ సన్నబడలేదు లెండి. చుక్క కనపడ్డాక మినపరొట్టె, చలిమిడి, అరటిపళ్ళు వరసగా వస్తాయి, వాటిని మన ఇళ్ళల్లో భోజనంగా లెక్కపెట్టరు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని నవ్వి వదిలేయలేం. షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునే స్నేహితుడికి కూడా "టిఫిను మానెయ్యండి, అదే దారికొస్తుంది" అని చెప్పేశారు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా పూట మానేస్తే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఆ స్నేహితుడు పార్కులోనే చెమటలు పట్టి కూర్చుండిపోతే, జేబులో చాక్లెట్ ఉన్న ఒక పిల్లాడు కాపాడాడు.

ఆ తర్వాత ఈయన్నీ భార్య డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు నడుముకు టేపు చుట్టి, మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదని చెప్పి, 108 అని రాసుకున్నాడు. గడియారం మానేసి కంచం చూసుకోమన్నాడు. లేదూ ఉపవాసమే ఇష్టమైతే షికాగో పద్ధతి చెయ్యండి, డంబెల్స్ కిందికి దించండి అన్నాడు. ఈయన ఒప్పుకున్నారు. ఎప్పుడు మొదలెట్టాలన్నదే మిగిలింది.

ఆషాఢంలో సారె కావిళ్ళు వస్తాయి. శ్రావణంలో పూర్ణాలు, ఆ రోజుల్లోనే పులస. వినాయకుడికి ఉండ్రాళ్ళు, దసరా, దీపావళి, కార్తీకంలో వనభోజనాలు. ధనుర్మాసం పొడుగునా పులిహోర, సంక్రాంతికి అరిసెలు, అల్లుడు. మాఘం నుంచి పెళ్ళిళ్ళు, అవి తెమిలేసరికి మామిడిపళ్ళు. కేలెండరు రెండుసార్లు తిప్పి చూశాక ఆయనకు దారి దొరికింది. పెళ్ళీ పేరంటం లేని రోజులుండేది మూఢంలోనే. వెంటనే పురోహితుడికి ఫోన్ చేసి, ఈసారి మూఢం ఎప్పుడొస్తుందో చూసి చెప్పమన్నారు.

ఆయన చూసి చెప్పారు, ఎందుకని అడిగారు. విషయం విన్నాక, "మూఢంలో కొత్త పనేదీ మొదలెట్టకూడదండి, ఆయ్" అన్నారు.