పాత సందుగకు కొత్త పాలిష్

పాత చెక్క సామానుకు ఇంట్లోనే పాలిష్ వేయడమంటే ముప్పాతిక భాగం గీకడం, మిగతాది ఆరేదాకా ఆగడం. పాలిష్ పూయడమనేది ఈ రెంటి మధ్య ఎక్కడో కాసేపు జరిగిపోతుంది. ధరూర్ మండలం ఇళ్లలో ఈ పని పాలబడేవి ఎక్కువగా పెండ్లికి పెట్టిన సందుగలు, పట్టె మంచాలు, పాత దర్వాజలు.

ముందు అది ఏ కర్రో తేల్చుకోవాలి. ఇంటి పెద్దలను అడిగితే ప్రతి సందుగా నల్లమల టేకే. అసలు టేకుకు తోలు లాంటి వాసన, చేతికి తగిలే జిడ్డు ఉంటాయి. వాటిని వెతకాల్సింది సందుగ అడుగున, రంగు తగలని చోట. తీరా చూస్తే అక్కడ వేపో తుమ్మో బయటపడవచ్చు. ఆ సంగతి పెద్దలకు చెప్పి తీరాలనేమీ లేదు, వాటికీ పాలిష్ బాగానే పడుతుంది.

అడుగున పిండి లాంటి పొడి కొత్తగా రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించాలి. నల్లులకని మంచాన్ని ఎండలో పడేసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. మే నెల ఎండకు నల్లులు చస్తాయో లేదో గానీ, జాయింట్లు మాత్రం నోరు తెరుస్తాయి.

అసలు పని గీకుడు. ఇంట్లో పెండ్లి కుదిరితే గోడలతో పాటు సందుగకూ రంగు పడటం ఆనవాయితీ. అందుకే గీకేకొద్దీ ఇంటి చరిత్ర బయటికొస్తుంది. పైన చాక్లెట్ రంగు, చిన్నకొడుకు పెండ్లి. దాని కింద ఆకుపచ్చ, బిడ్డ పెండ్లి. ఇంకా కింద బడి బెంచీల నీలం. అది ఏ శుభకార్యానిదో ఎవరికీ గుర్తుండదు. ఆ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంటుంది గానీ ఎవరూ చెప్పరు.

నవ్వులాట కాని విషయం ఒకటుంది. ఇంటికి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందటి ఎనామిల్‌లో సీసం ఉండవచ్చు. కనుక దాన్ని పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు. ఆరుబయట, మాస్కూ గ్లౌజులూ వేసుకుని, రిమూవర్ పూసి, రంగు ఉబ్బాక తడిగానే గీకాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

రంగంతా పోయాక గరుకు కాగితం. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 దాకా పోవాలి. ఎప్పుడూ చెక్క నార వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనిపించవు, పాలిష్ పడ్డాక ఊరందరికీ కనిపిస్తాయి. గరుకు కాగితం పట్టుకున్న మనిషిని చూస్తే దారిన పోయేవాళ్లకు కాళ్లాడవు. ఆగినవాళ్లంతా ‘దీనికి బదులు కొత్తది కొంటే అయిపోయేది గదా’ అంటారు. వడ్లాయన ఒక్కడే ఏమీ అనడు. నవ్వి పోతాడు. అదే ఎక్కువ బాధ.

ఇంట్లో వేసుకోవడానికి లక్క పాలిష్‌ను మించింది లేదు. లక్క పురుగు చెట్ల కొమ్మల మీద వదిలే జిగురే దీనికి మూలం. లీటరు స్పిరిట్‌లో 120 గ్రాముల లక్క పెంకులు వేసి, పొయ్యికి దూరంగా రాత్రంతా నాననిచ్చి, పలుచటి గుడ్డలో వడగట్టాలి. పాలిష్ స్పిరిట్ విషం. సీసా మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. వాసన పట్టి వచ్చే చుట్టాలు కొందరుంటారు.

పూయడానికి మెత్తటి పాత నూలుగుడ్డలో దూది చుట్టిన ఉండ కావాలి. గద్వాల చీరలో అంచూ కొంగూ పట్టు, ఒళ్లంతా నూలు. అలాగని బీరువాలోంచి తీసి కత్తిరిస్తే, పాలిష్ పని అక్కడే ఆగిపోతుంది, మిగతా సంసారం సంగతి చెప్పలేం. పాత పంచె చాలు. పలుచగా పూయడం, ఆరనివ్వడం, 320 నంబరు కాగితంతో లేతగా రుద్దడం, మళ్లీ పూయడం. ఒకేసారి చిక్కగా పూస్తే చారలు కడుతుంది.

జూరాల గేట్లు ఎత్తే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. ఇల్లంతా నీళ్లు చూడటానికి పోతుందని కాదు, వానకాలపు తేమకు లక్క మీద తెల్లటి పొర కమ్ముతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెడితే సుఖం.

పాలిష్ గట్టిపడ్డాక కూడా వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. స్పిరిట్‌తో లేశంగా తడిపిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలావరకు పోతుంది. ఇంటికొచ్చినవాళ్లకు టీ చేతికే అందించండి.