రాతకోతలు వద్దు

మోరంపూడి జంక్షన్ దాటాక ముందు బస్సు ఆగిందని మాస్టారు బ్రేకు వేశారు. వెనకాల కడియం నుంచి మొక్కల లోడు వేసుకొస్తున్న టాటా ఏస్ ఆగలేకపోయింది. క్రోటన్ కుండీలు క్యాబిన్ మీదికి ఒరిగి, తడి ఎర్రమట్టి అద్దం మీదుగా జారింది. మాస్టారి వ్యాగనార్‌కి వెనక బంపరు చిట్లింది, డిక్కీ తలుపు సొట్టపోయింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

డ్రైవరు పాతికేళ్లు కూడా లేని కుర్రాడు. దిగుతూనే చేతులు జోడించాడు.

“తప్పు నాదేనండీ. బండి మా ఓనరుగారిదండీ, తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. ఎంతయితే అంత నేనే ఇచ్చుకుంటానండీ.”

వర్క్‌షాపులో 11,800 రూపాయలవుతుందన్నారు. మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ రాత్రే కాగితం ముందేసుకుని లెక్క కట్టారు. నాకూ చూపించారు, అందులో తప్పేమీ లేదు. అయిదేళ్లుగా క్లెయిము పెట్టలేదు కాబట్టి ఆయనకు నో క్లెయిమ్ బోనస్ 50 శాతం వస్తోంది. అది ఓన్ డ్యామేజీ ప్రీమియం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ ప్రీమియంలో పైసా తగ్గదు. ఆయన ఓన్ డ్యామేజీ ప్రీమియం 8,000. బోనస్ పోను కడుతున్నది 4,000. ఒక్క క్లెయిము పెడితే బోనస్ సున్నా. మళ్లీ 20, 25, 35, 45 దాటుకుంటూ 50కి చేరేలోగా పోగొట్టుకునేది దాదాపు 10,000. పోనీ కంపెనీ బిల్లంతా ఇస్తుందా? బంపరు ప్లాస్టిక్‌ది కాబట్టి తరుగుదల కింద సగం కొట్టేస్తుంది, ఆపైన మొదటి వెయ్యి మనమే పెట్టుకోవాలి. జీరో డిప్రిసియేషన్ పాలసీ ఆయన తీసుకోలేదు.

గుద్దిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అనొచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఉండి తీరాలి. ఎదుటివాళ్ల బండికి జరిగిన నష్టం కూడా అందులో వస్తుంది. కానీ రాబట్టుకోవాలంటే పోలీసు కేసు, ట్రిబ్యునల్, వాయిదాలు. చిట్లిన బంపరు కోసం వకీలును పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. అందుకే ఇలాంటివన్నీ మన ఊళ్లలో రోడ్డు మీదే తేలిపోతాయి.

కాబట్టి మాస్టారు డబ్బు పుచ్చుకోవడం తప్పని నేననను. నాకు మింగుడుపడనిది తర్వాత జరిగింది.

కుర్రాడు దఫదఫాలుగా ఇచ్చాడు. ఆఖరి దఫా ఇచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. నోట్ల మడతల్లో మట్టి. మాస్టారు లెక్కపెట్టుకున్నాక జేబులోంచి ఒక రూళ్ల కాగితం తీసి ముందు పెట్టాడు.

“డబ్బు ముట్టింది, ఇక తగాదా లేదు అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి మాస్టారూ. మా ఆవిడ దుద్దులు తాకట్టు పెట్టానండీ. తనకి చూపించాలి.”

మాస్టారు రాయలేదు. ఫోన్‌పే అయితే మొదటిరోజే వద్దని, నోట్లే తెమ్మన్నారు.

“రాతకోతలెందుకురా అబ్బాయ్. ఆ కాగితం తిరిగి తిరిగి ఇన్సూరెన్స్ వాళ్ల చేతిలో పడితే నా బోనస్‌కి ఎసరు. నువ్వు నన్ను గుద్దలేదు, నేను నీ దగ్గర పైసా పుచ్చుకోలేదు. ఎవరడిగినా ఇంతే. సరేనా?”

బోనస్ పోయేది క్లెయిము పెడితేనే, రసీదు రాసిస్తే పోదు, రాసివ్వండని నేనన్నాను. వినలేదు. కుర్రాడు కాగితం మడతపెట్టుకుని వెళ్లిపోయాడు.

రెన్యువల్ నోటీసు వచ్చింది. అందులో బోనస్ సున్నా.

కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ తిప్పి చూపించారు. బండి వర్క్‌షాపులో ఉన్న వారంలోనే ఆయన పాలసీ మీద క్యాష్‌లెస్ క్లెయిము పడింది. ‘రివర్సులో స్తంభానికి తగిలింది’ అని కారణం రాసి ఉంది. డబ్బు నేరుగా వర్క్‌షాపుకే వెళ్లింది. ఫారం మీద సంతకం మాత్రం అచ్చంగా మాస్టారిదే. బండి అప్పగించిన రోజు ఆర్‌సీ, లైసెన్సు, పాలసీ జిరాక్సులు ఫైలుకి కావాలన్నారట. ఈయన ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి వచ్చారు. పాలసీలో ఉన్న ఫోన్ నంబరు ఏజెంటుది, మెసేజీలన్నీ అటే పోయాయి. 11,800 నగదుగా కట్టినందుకు బిల్లు కూడా తీసుకోలేదు, జీఎస్టీ కలిసొస్తుందన్నారని. ఒక్క బంపరుకి వర్క్‌షాపు రెండు చోట్ల డబ్బు లాగింది.

ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు.

“స్తంభం కాదు, వేరే బండి గుద్దింది, రిపేరు డబ్బులు ఆ డ్రైవరే ఇచ్చాడంటున్నారు. ఆధారం ఏదైనా ఒక్కటి చూపించండి సార్. కనీసం ఆ డ్రైవరు చేత రాయించి పట్టుకురండి, వర్క్‌షాపు మీద ఎంక్వయిరీ వేయిస్తాను.”

మాస్టారు నన్ను వెంటబెట్టుకుని కడియపులంక వెళ్లారు. కుర్రాడు గులాబీ మొక్కలు బండికెక్కిస్తున్నాడు. కాస్త దూరంలో ఓనరు కుర్చీలో కూర్చుని లోడు లెక్క రాసుకుంటున్నాడు. మాస్టారు జేబులోంచి తెల్లకాగితం తీసి గొంతు తగ్గించారు.

“నాయనా, ఆ రోజు జరిగింది, నువ్విచ్చిన డబ్బు సంగతి, రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు.”

కుర్రాడు ఓనరు వైపు చూశాడు. చేతులు లుంగీకి తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

“నేను గుద్దలేదు, మీరు పుచ్చుకోలేదు అన్నది మీరే కదండీ మాస్టారూ. దుద్దుల డబ్బు ఏం చేశానో మా ఆవిడే ఇంకా నమ్మట్లేదండీ. మీ కంపెనీవాళ్లేం నమ్ముతారు?”