గంటలోగారు

విమానాశ్రయానికి డెబ్బై కిలోమీటర్ల అవతలున్న ప్రతి ఊళ్లోనూ ఒక గంటలోగారు ఉంటారు. తిరువూరూ అందుకు మినహాయింపు కాదు. ఎవరైనా హైదరాబాదు ప్రయాణమని నోరు జారితే చాలు, "ఇంకా బస్సేంటండీ! గన్నవరంలో ఎక్కితే గంటలో శంషాబాద్" అంటారాయన. ఖమ్మం మీదుగా ఐదారు గంటలు బస్సులో కూర్చునేవాళ్లంటే ఆయనకు కోపం లేదు, జాలి. సంక్రాంతికి సూట్‌కేసుకు తగిలించిన విమానం ట్యాగు ఆయనింట్లో ఉగాదికి కూడా ఊడదు.

ఆయన చెప్పేది అబద్ధం కాదు, చాలని నిజం. గన్నవరం నుంచి శంషాబాద్‌కు ఆకాశంలో సుమారు 260 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు కాబట్టి అరగంట చాలాలి. కానీ రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడానికి వరసలో ఆగడం కలిసి టైంటేబుల్లో అది గంట అవుతుంది. దానికి ముందు నూజివీడు మీదుగా గన్నవరం చేరడానికి రెండు గంటలు. లగేజీ కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు గనక గంటన్నర ముందుండాలి. దిగాక పెట్టె కోసం అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్లోకి మరో గంట. మొత్తం ఆరు! పెళ్లి ఎంతసేపంటే తాళి కట్టినంతసేపు అన్నట్టుంటుంది ఆయన లెక్క. ఇంకో తమాషా ఏమిటంటే, తిరువూరు నుంచి శంషాబాద్‌కు గీత గీస్తే 230 కిలోమీటర్లే. అంటే రెండు గంటలు కష్టపడి గన్నవరం వెళ్లి, హైదరాబాదుకు మరో ముప్పై కిలోమీటర్లు దూరమై, అప్పుడు విమానమెక్కుతారన్నమాట.

"బస్సు మాత్రం వేళకు చేరుతుందా? ట్రాఫిక్ లేదా?" అని ఆయన నిలదీస్తారు. నిజమే. అయితే రోడ్డు బాధ విమానం తీర్చదు, గన్నవరం ముందు కొంత, శంషాబాద్ తర్వాత కొంతగా పంచుతుంది. "ఢిల్లీకీ బస్సే ఎక్కమంటారా?" అన్నది ఆయన రెండో అస్త్రం. అక్కడ మాత్రం తలవంచాల్సిందే. 1,400 కిలోమీటర్ల దారిలోనూ నేలమీద పోయే ఆ ఐదు గంటలు ఐదుగానే ఉంటాయి, కానీ రైలుతో పోలిస్తే దాదాపు ఒక రోజు మిగులుతుంది. దూరం పెరిగేకొద్దీ గంటలోగారి మాటకు బలం పెరుగుతుంది. దూరం తగ్గేకొద్దీ ఆయన గొంతు పెరుగుతుంది.

అసలు తప్పు ఆయన ఒక్కరిదే కాదు. టికెట్టు మీద అచ్చయ్యేది మధ్యలోని గంటే. డబ్బు పోసి కొన్నది అదే కాబట్టి మనసు దాన్నే ప్రయాణమంటుంది, ఊరికే పోయిన ఐదు గంటల్ని ఖాతాలో రాయదు. కనుక ఆయన్ని ఎదిరించక్కర్లేదు. గడప నుంచి గడప దాకా ఎంతసేపని మెల్లగా అడిగితే చాలు. అప్పుడాయన వెంటనే రాజధాని రాజకీయాల్లోకి వెళ్లిపోతారు. అక్కడికి మాత్రం నిజంగానే క్షణంలో చేరతారు.