ముక్కు కుదరకపోతే మీసం పెట్టు

మన ఊళ్లలో విగ్రహాన్ని ముఖం చూసి గుర్తుపట్టే అలవాటు ఎవరికీ లేదు. కళ్లజోడు, చేతికర్ర ఉంటే గాంధీ. నీలం కోటు, చంకలో పుస్తకం, చాచిన వేలు ఉంటే అంబేడ్కర్. తెల్లపంచె కట్టుకుని చెయ్యెత్తి నవ్వుతుంటే రాజశేఖరరెడ్డి. గుర్రం మీద కత్తితో ఉంటే శివాజీ, గుర్రం లేకపోతే మాత్రం కమిటీవాళ్లను కనుక్కోవాలి. ముక్కు ఎవరిదైతేనేం, దండ పడేది మెడలోనే గదా అన్న సర్దుబాటుతో దశాబ్దాలు హాయిగా గడిపేశాం.

సినిమావాళ్ల విగ్రహాలు మొదలయ్యాక ఆ హాయి పోయింది. వాళ్లకు చేతికర్ర లేదు, పుస్తకం అసలే లేదు. ఉన్న ఆస్తంతా ముఖమే. ఆ ముఖమేమో మనకు మేనమామ ముఖం కన్నా బాగా తెలుసు. మేనమామ పెళ్లిళ్లలో కనిపిస్తాడు, హీరో గంటకోసారి ఫోన్లో కనిపిస్తాడు. కనురెప్ప నూలుపోగంత పక్కకు జరిగినా జాతి మొత్తం పట్టేస్తుంది.

2023 ఏప్రిల్ 28న, సమంత పుట్టినరోజు నాడు, బాపట్ల జిల్లా ఆలపాడులో ఒక అభిమాని తన ఇంటి ఆవరణలోనే ఆమెకు గుడి కట్టి విగ్రహం పెట్టాడు. సొంత స్థలం, సొంత ఖర్చు, సొంత పిచ్చి. సాయంత్రానికల్లా ఫోన్లన్నీ ఒకటే ప్రశ్న వేశాయి: ఈమె ఎవరు? అదే ఏడాది సెప్టెంబరులో మైసూరులోని ఒక మైనపు బొమ్మల మ్యూజియం నుంచి బాహుబలి వేషంలో ప్రభాస్ బొమ్మ ఫొటో బయటికొచ్చింది. కవచం బాహుబలిదే, జుట్టూ దాదాపు బాహుబలిదే, మధ్యలో ఉన్న మనిషి ఎవరన్నదే తేలలేదు. ఎవరికి తోచిన పేరు వాళ్లు చెప్పారు. చివరికి నిర్మాత శోబు యార్లగడ్డ కల్పించుకుని, ఇది మా అనుమతితో చేసింది కాదు, తీయించేస్తాం అని ప్రకటించాల్సి వచ్చింది. బొమ్మ మాది కాదని నిర్మాతే చెప్పాడంటే, ముక్కు ఎంత దూరం పోయిందో చూసుకోండి.

నవ్వొచ్చే మాట నిజమే. నవ్వొస్తే నవ్వాలి, ఆపుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు. పైగా ఇదేదో ఇంటర్నెట్ నేర్పిన విద్య కూడా కాదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెత మనదే గదా. ఎప్పుడో ఏ ఊళ్లోనో పాపం ఒకాయన చవితికి మట్టి పిసికాడు, తొండం కుదర్లేదు. అరుగు మీద కూర్చున్నవాడు ఒక్క మాటన్నాడు. మట్టి పిసికినవాడి పేరు మట్టిలో కలిసింది, అరుగు మీది మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఆ అరుగు మనిషి తన జన్మలో ఒక్క వినాయకుణ్ణి చేసిన దాఖలా లేదు. ఇంకొకటి కూడా ఎవరూ అడగరు. ఆ కోతి ఎలా ఉంది? బాగా కుదిరే ఉండాలి. లేకపోతే కోతి అని ఎలా గుర్తుపట్టారు?

అసలు శిల్పికి దేవుళ్లతో ఎప్పుడూ పేచీ లేదు. వినాయకుడికి బాహుబలి కవచం తొడిగాం, పుష్పరాజ్ వేషం వేసి గడ్డం కింద చెయ్యి తిప్పించాం. ఆయన ఒక్కసారైనా అనుమతి లేదని ప్రకటన ఇచ్చాడా? మనుషులెవరూ చూడని తల్లి దగ్గర కూడా మనం ముఖం జోలికి పోలేదు. 2024 డిసెంబరు 9న సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు గొడవంతా కిరీటం ఏది, బతుకమ్మ ఏది అని. ఎటు తిప్పినా మనకు కావాల్సింది సరంజామా.

ఇంతకీ ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుందా అంటే, ఉంది. మాది తాండూరు. ఇది రాతి మీద బతికే ఊరు. గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది, పాలిషింగ్ యూనిట్లలో నున్నగా తేలి లారీ ఎక్కుతుంది. ఏ రాష్ట్రానికి పోయినా ఏదో ఒక వరండాలో మీరు మా ఊరి మీదే చెప్పులు విడుస్తుంటారు. పొరల రాయి కాబట్టి బండలకే పనికొస్తుంది. ముక్కు చెక్కబోతే ముక్కు కూడా పలకగానే ఊడొస్తుంది. అంచేత మేం జీవితమంతా రాతితోనే ఉంటాం, విగ్రహం చెక్కాల్సిన పూచీ మాత్రం మాకు లేదు. విమర్శకుడికి ఇంతకన్నా ఏం అర్హత కావాలి? మా కందికి కూడా 2022లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. ఆ యోగం మా చౌరస్తాల్లో నిలబడ్డ పెద్దమనుషులకు ఇంకా పట్టలేదు.

ముఖం ఎందుకు తప్పుతుందో ఒకసారి చూద్దాం. బ్యాంకాక్‌లోని మేడమ్ టుస్సాడ్స్‌లో 2017లో పెట్టిన బాహుబలి కూడా మైనమే. మనిషి అదే ప్రభాస్, వేషం అదే బాహుబలి. అక్కడెవరూ నవ్వలేదు. 2019లో వాళ్లే చేసిన మహేశ్‌బాబు బొమ్మను సింగపూర్ తీసుకెళ్లే ముందు హైదరాబాద్‌కు తెచ్చి చూపిస్తే జనం పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. టుస్సాడ్స్ వాళ్లు అసలు మనిషిని కూర్చోబెట్టి వందల కొలతలు తీసుకుంటారు, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తారు, వెంట్రుకలు ఒక్కొక్కటిగా గుచ్చుతారు. నెలల తరబడి పని. డబ్బు సంగతి చెప్పక్కర్లేదు.

మన శిల్పికి ఏమిస్తాం? ఫ్లెక్సీలోంచి కత్తిరించిన ఒక్క ఫొటో. అదీ వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి మసకబారింది. ఎదురుగా తీసిందే ఉంటుంది, పక్కనుంచి మనిషి ఎలా ఉంటాడో చెప్పే ఫొటో ఆ వంశంలో ఎవరి దగ్గరా దొరకదు. పెద్దమనిషి పక్కకు తిరిగి ఫొటో దిగడం మన ఇళ్లలో మర్యాద కాదు. కాబట్టి ఎదురు నుంచి ఆయన, పక్క నుంచి శిల్పిగారి ఊహ. శిల్పులకు పేరున్న కొత్తపేటలో చేయించినా తెనాలిలో చేయించినా ఈ చిక్కు తప్పదు. కంచుకు మాట్లాడతాం, ధర విని ఫైబర్‌కు దిగుతాం, కంచు రంగు వేయించి సరిపెడతాం. ఇక గడువు మంత్రిగారి డేటును బట్టి.

మట్టి బొమ్మ తయారయ్యాక కమిటీ చూడటానికి వస్తుంది. ఇక్కడే అసలు శిల్పం మొదలవుతుంది. ఇనుప చువ్వల మీద తడి మట్టి, దాని మీద తడి గోనెపట్ట. శిల్పి పట్ట తీసి, మార్పులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, అచ్చు తీశాక మార్చలేను అంటాడు. అంతే. నాన్న చివర్లో చిక్కిపోయాడు, బుగ్గలు కాస్త నింపండి అంటాడు కొడుకు. బజారు చివర అవతలి పార్టీ విగ్రహం ఇంతకన్నా అడుగు ఎత్తుంది, ఎలా మరి అంటాడు మండల అధ్యక్షుడు. నవ్వుతున్నట్టుంటే బాగుంటుంది అంటాడు చందా ఎక్కువ ఇచ్చినాయన. బట్టతల ఎందుకు గుర్తుచేయడం అని మరొకరు. శిల్పి చెంచాతో మట్టి తీస్తాడు, పెడతాడు, మళ్లీ తీస్తాడు. పోలిక ఎక్కడో మూడో సలహాకూ నాలుగో సలహాకూ మధ్య జారిపోతుంది. అందరి వెనక నిలబడ్డ, పోయిన పెద్దాయన భార్య మాత్రం సలహా ఏమీ ఇవ్వదు. ముందుకొచ్చి చూసి, చెవులు ఆయనవే అంటుంది. ఆ గుంపులో బొమ్మను చూసింది ఆమె ఒక్కతే.

ఆవిష్కరణ అయ్యాక నవ్వులు మొదలవుతాయి. బుగ్గలు నింపమన్నవాడు, ఎత్తు పెంచమన్నవాడు, జుట్టు మొలిపించినవాడు ముగ్గురూ కలిసి శిల్పి సరిగ్గా చేయలేదని తేలుస్తారు.

ఇది మన దగ్గరే అనుకోకండి. 2017 మార్చిలో పోర్చుగల్‌లోని మదీరా విమానాశ్రయానికి క్రిస్టియానో రొనాల్డో పేరు పెట్టి, ఎమాన్యుయెల్ శాంటోస్ అనే శిల్పి చేసిన కంచు తలను ఆవిష్కరించారు. ఆ పెదాలను, ఆ కళ్లను చూసి భూగోళం మొత్తం పొట్ట పట్టుకుంది. ముందే ఫొటోలు చూసిన రొనాల్డో, ముడతలు కాస్త తగ్గించి వయసు తగ్గినట్టు చేయమన్నాడని ఆ శిల్పే తర్వాత చెప్పాడు. చూశారా, అక్కడా కమిటీయే! 2018లో విమానాశ్రయంవాళ్లు ఆ తలను తీసి వేరేది పెట్టుకున్నారు. శాంటోస్ మాత్రం అదే ఏడాది కూర్చుని అదే మనిషి తలను మళ్లీ చేశాడు. ఈసారి పోలిక కుదిరింది. మొదటి తల తాండూరు దాకా వచ్చింది, రెండోది రాలేదు. బాగున్నదాన్ని ఫార్వర్డ్ చేస్తే మనకేమొస్తుంది?

ఇంకా వెనక్కి పోతే పారిస్‌లో రోడాన్. 1891లో రచయిత బాల్జాక్ విగ్రహం చేసే పని ఈ శిల్పికి అప్పగించారు. బాల్జాక్ పోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. రోడాన్ ఆయన పుట్టిన సీమకు వెళ్లి అక్కడి మనుషుల పోలికలు చూసుకున్నాడు. బాల్జాక్‌కు బట్టలు కుట్టిన దర్జీని వెతికి పట్టుకుని అవే కొలతలతో మళ్లీ బట్టలు కుట్టించాడు. ఏడేళ్లు పట్టింది. (మన మండల కమిటీని ఏడేళ్ల గడువు అడిగి చూడండి, ఈలోగా సగం మంది మూడు పార్టీలు మారతారు.) 1898లో జనానికి చూపిస్తే మంచుబొమ్మ అన్నారు, బస్తా అన్నారు. డబ్బిచ్చిన సంఘం మాకొద్దంది. రోడాన్ ఆ డబ్బు తిరిగిచ్చేసి బొమ్మను ఇంటికి తోలుకుపోయాడు. ఆయన 1917లో పోయాడు, విగ్రహం పారిస్ వీధిలో నిలబడింది 1939లో. వద్దన్నది రచయితల సంఘం. ఈ ముక్క రాయడం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది.

అలాగని ప్రతి వంకర ముక్కునూ రోడాన్ అనుకోనక్కర్లేదు. చాలా వంకర ముక్కులు వట్టి వంకర ముక్కులే. నా పేచీ ముక్కుతో కాదు, లెక్కతో. నలుగురు చెడగొట్టిన పనికి ఒక్కడు నవ్వులపాలవుతాడు, అసలు పనే చేయనివాడు ఎన్నడూ దేనికీ నవ్వులపాలు కాడు. ఈ లెక్క మన పిల్లలకు బాగా వంటబట్టింది.

మా అక్క కొడుకు ఒక మీమ్ పేజీ నడుపుతాడు. మైసూరు బాహుబలినీ ఆలపాడు గుడినీ ఉతికి ఆరేసినవాడే. చవితికి తెచ్చిన మట్టి ఇంట్లో మిగిలుంటే, ఒరేయ్, నువ్వే నా తల చేసి చూపియ్యరా అన్నాను. అదెంత పని మామా అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. కాసేపటికి ముక్కు పెదవి మీదికి జారింది. నువ్వు కదులుతున్నవ్ మామా అన్నాడు. నేను కదల్లేదు. కళ్లు ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ పోయాయి. అక్క చూసి, మా తమ్ముడు గిట్ల ఉంటడార, గీడెవడో రాత్రిపూట గోడ దుంకెటోని లెక్కున్నడు అంది. మా ఆవిడ, చెంపలు జర నింపు, నిద్ర లేనట్టు గొడ్తున్నడు అంది. కమిటీ తయారైపోయింది. వాడు మట్టి చేతులతో లేచి, ఊకె కూసోని చెప్పుడు గాదు, జేసేటోనికి తెలుస్తది అన్నాడు. ఈ మాట వాడి పేజీలో నేనెన్నడూ చదవలేదు.

సరేరా, ఫొటో తీసి నీ పేజీలో పెట్టు అన్నాను. ఒక్కసారిగా ముఖం మారిపోయింది. వద్దు మామా, ఆడుకుంటరు అన్నాడు. ఎవరు ఆడుకునేది? వాడు రోజూ మేపి పెంచిన జనమే. వాడికి డ్రాయింగ్ వచ్చని, నోట్‌బుక్ చివరి పేజీలన్నీ బొమ్మలేనని మాకందరికీ తెలుసు. ఒక్కటైనా బయట పెట్టడు. పక్కవాడి ముక్కు మీద పగలంతా నవ్వేవాడికి తన గీత చూపించాలంటే చెమటలు పడతాయి. ఆలపాడు అభిమాని సంగతి వేరు. దేశమంతా నవ్వినా ఆయన గుడి మూసుకోలేదు, ఆ తర్వాతా పుట్టినరోజు పండగ చేస్తూనే ఉన్నాడు. ఆ ముక్కు నాకూ నచ్చలేదు గానీ, మా ఇంట్లో అంత గుండె ఉన్నవాడు ఒక్కడూ లేడు.

అందుకే మా మున్సిపాలిటీకి ఒక అర్జీ రాసుకున్నాను. ఇకముందు విగ్రహం ఎక్కడ పెట్టినా శిలాఫలకం మీద శిల్పి పేరు ఉండాలి. ఇప్పటి ఫలకాలు మీరూ చూసే ఉంటారు. మంత్రి, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, చైర్‌పర్సన్, వైస్ చైర్మన్, కౌన్సిలర్, కో ఆప్షన్ సభ్యుడు, సభాధ్యక్షుడు, కొబ్బరికాయ కొట్టినాయన, ఇంతమంది ఉంటారు. బొమ్మ చేసినవాడు ఉండడు. బాగుంటే ఎవరు చేశారో ఎవరికీ అక్కర్లేదు, బాగాలేకపోతే ఊరంతా వాడి అడ్రస్ వెతుకుతుంది. దానికింద ఇంకో వరుస కూడా వేయించమన్నాను: బుగ్గలు నింపించినవారు ఫలానా, ఎత్తు పెంచించినవారు ఫలానా, జుట్టు పెట్టించినవారు ఫలానా. ఎవరి నవ్వు వాళ్లకు అందుతుంది.

అర్జీ తీసుకున్న గుమాస్తా మొత్తం చదివి, ఫలకం మీద అంత జాగా యాడుంది సార్ అన్నాడు. కొబ్బరికాయ కొట్టినాయన అక్షరాలు కాస్త చిన్నవి చేయమన్నాను. అది మాత్రం కుదరదట. ఆయన వార్డు ప్రెసిడెంటు.